హోటల్ పాట

సబ్ ఊఫర్ డబ్బా మీద స్టీలు గ్లాసు పెట్టి, అంచు దాకా నీళ్లు పోసేవాడు చాచా. "సాబ్, గ్లాసు దిక్కు చూడుండ్రి, నా దిక్కు కాదు" అని రిమోట్ నొక్కేవాడు. ముందు గిటారు ఒక్కటే వినిపించేది. నైలాన్ తీగల గిటారు. ఎవరో అరుగు మీద కూర్చుని తనకోసం తాను వాయించుకుంటున్నట్టు ఉండేది. గ్లాసులో నీళ్లు కదిలేవి కావు. కొనడానికి వచ్చినాయన 'ఇంతేనా' అన్నట్టు మొహం పెట్టేవాడు. సరిగ్గా అప్పుడు పడేది దెబ్బ. నీళ్ల మీద గుండ్రంగా అల లేచి, అంచు దాటి డబ్బా మీదికి కారేది. చాచా భుజం మీది గుడ్డతో తుడిచి "బేస్ అంటే గిదీ" అనేవాడు.

అది 2004. నల్లగొండలో, ప్రకాశం బజారు దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం. నేను ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున కాలేజీ, సాయంత్రం దుకాణం. సేటు నెలకు ఎనిమిది వందలు ఇచ్చేవాడు, రెండు పూటలా చాయ్ అదనం. ముందు గదిలో టీవీలు, డీవీడీ ప్లేయర్లు, హోం థియేటర్లు ఉండేవి. వెనక రేకుల గదిలో చాచా బెంచీ. అక్కడే నేను సోల్డరింగ్ నేర్చుకున్నది. ట్రాక్టర్లకు, ఆటోలకు పెట్టే డెక్కుల కోసం 4440 ఐసీ అనే, శబ్దం పెంచే చిప్పు బోర్డులు డజన్ల లెక్కన తయారు చేసేవాళ్లం. ట్రాక్టర్ డెక్కు కొనేవాళ్లకు బేస్, ట్రెబుల్ అనే పట్టింపు ఉండదు. ఇంజిన్ చప్పుడు మీద పాట వినపడాలి, అంతే. హోం థియేటర్ కొనేవాళ్లు వేరు. వాళ్లు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "పెట్టు చూద్దాం" అంటారు.

వాళ్ల కోసమే ఆ డిస్కు. కవరు లేదు, బొమ్మ లేదు. మీద నల్ల మార్కరుతో 'హోటల్' అని రాసి ఉండేది. ఎవరు రాశారో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. అసలుది కాదని మాత్రం అందరికీ తెలుసు. దాన్ని మేం 'హోటల్ పాట' అనేవాళ్లం. ఒకాయన "ఏ హోటలు? బస్టాండ్ కాడిదా?" అని అడిగితే, చాచా నవ్వకుండా "అమెరికాల ఉన్నది, చాయ్ మంచిగుండదు" అన్నాడు.

నిజానికి సినిమా పాటలు పెడితేనే ఎవరైనా కొంటారని సేటు వాదన. చాచా ఒప్పుకోలేదు. సినిమా పాటలో ఒకేసారి నలభై వాయిద్యాలు మీద పడతాయి, అందులో ఏ స్పీకరు పనిచేస్తుందో ఏది చేయదో దేవుడికే తెలియాలి అనేవాడు. ఈ పాటలో ఒక్కొక్కటిగా వస్తాయి. గిటారు ఆగిన సందులో డోలు. డోలు మోగి ఆరిపోయే దాకా ఇంకొకటి రాదు. కాంగా అని వాళ్లకు నిలువు డోళ్లు ఉంటాయి, చేత్తో కొడతారు. అరచేయి తగిలిందా వేళ్లు తగిలాయా అన్నది కూడా తెలుస్తుంది. నాసి స్పీకరయితే రెండూ ఒకేలాగ 'డబ్' అంటాయి. నేను ఈ రోజుకీ కొత్త స్పీకరు ఏది విన్నా ముందు ఆ తేడా కోసమే వెతుకుతాను.

చప్పట్ల సంగతి ఇంకోటి. వీసీడీలో ఉండేవి రెండే దారులు, ఎడమ, కుడి. దాన్ని ఆరు స్పీకర్లలోకి పంచడమంటే ఒక చారునే ఆరు గిన్నెల్లో పోయడం. ఈ డీవీడీలో డీటీఎస్ ట్రాక్ ఉండేది. అయిదు స్పీకర్లకు అయిదు దారులు, కింది దెబ్బలకు విడిగా ఆరోది. పాడేవాళ్లు ముందు నుంచి వినిపిస్తే, జనం చప్పట్లు మన వెనక నుంచి వచ్చేవి. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక రైస్ మిల్లు సేటు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి "ఎవరూ?" అన్నాడు. ఆ ఒక్క తిరుగుడుకు ముప్పై రెండు వేల సెట్టు అమ్ముడుపోయింది.

ఆ చప్పట్లలో ఒక చిత్రం ఉంది. మొదట కాసేపు అక్కడ కూర్చున్న అమెరికా జనానికి కూడా ఏ పాట మొదలైందో తెలియదు. వాళ్లకు ఇరవై ఏళ్లకు దగ్గరగా తెలిసిన పాటే. కానీ ముందు భాగమంతా కొత్తగా కట్టుకొచ్చారు. అది తిరిగి తిరిగి పాత వరసలోకి దిగగానే హాలంతా ఒక్కసారి అరుస్తుంది. మా దుకాణంలో ఆ పాట ముందే తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆ అరుపు వినగానే మావాళ్ల మొహాల్లోనూ ఏదో గుర్తుకొచ్చినట్టు వెలుగు కనిపించేది. ఏం గుర్తొచ్చేదో నాకిప్పటికీ అర్థం కాదు.

వాళ్లెవరో మాకు చెప్పింది ఒక ఇంగ్లీషు లెక్చరర్ సారు. టీవీ రిపేరుకు వచ్చి, పాట విని నిలబడిపోయాడు. "ఇది ఈగల్స్ కదరా!" అన్నాడు. మొదటి నుంచి పెట్టించాడు. అప్పటిదాకా మేం ఆ డిస్కును మొదటి నుంచి చూడనే లేదు, రిమోట్‌తో నేరుగా ఆ పాట దగ్గరికి దూకేవాళ్లం. సారు చెప్పిన సంగతి ఇదీ. 1971లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బృందం. 1976లో ఈ 'హోటల్ కాలిఫోర్నియా' వచ్చింది, ప్రపంచమంతా మోగింది. 1980లో కొట్లాడుకుని విడిపోయారు. మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగితే, వాళ్లలో డాన్ హెన్లీ అనే ఆయన నరకంలో మంచు గడ్డకట్టినప్పుడు అన్నాడట. "మన దగ్గర కాకి తెల్లగైనప్పుడు అంటం సూడు, అట్ల" అన్నాడు సారు. 1994లో కాకి తెల్లగైంది. ఏప్రిల్‌లో బర్‌బ్యాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో, ఎంటీవీ కోసం, కొద్దిమంది జనం ముందు పాడారు. దానికే 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' అని పేరు పెట్టుకున్నారు. అదే మా 'హోటల్' డిస్కు. మొదట్లోనే గ్లెన్ ఫ్రై మైకు ముందు ఒక ముక్క అంటాడు. సారు దాన్ని రెండుసార్లు తిప్పి వేయించి తెలుగులో చెప్పాడు: మేం విడిపోలేదు, పద్నాలుగేళ్లు సెలవు తీసుకున్నాం అంతే.

చాచా పకపకా నవ్వాడు. సేటు మాత్రం "పద్నాలుగేళ్లు లీవు పెడితే జీతం ఎవడిస్తడు?" అన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మా నాయిన కోసం.

మా ఊరు నార్కట్‌పల్లి దిక్కు, చెరువుగట్టు గుట్ట కనపడేంత దూరంలో. మాకు రెండెకరాల బత్తాయి తోట. ఆ కరువు ఏళ్లల్లో బోర్లు ఎండి, చెట్లకు ట్యాంకర్లతో నీళ్లు పోశాం. పోసినన్నాళ్లు పోసి, చివరికి సగం చెట్లు కొట్టేశాం. నాయిన ఆ రోజు మోటారు స్టార్టరు రిపేరుకు నల్లగొండ వచ్చి, నా కోసం దుకాణానికి వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్ల మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. లోపల చాచా ఎవరికో గ్లాసు ఆట చూపిస్తున్నాడు. దెబ్బ పడింది. నాయిన లేచి లోపలికి వచ్చాడు.

ఒకప్పుడు మా నాయిన డోలక్ వాయించేవాడు. మా ఊరి భజన బృందం చుట్టుపక్కల పేరున్నదే. అమావాస్య రాత్రుళ్లు చెరువుగట్టు మీద జనం నిద్ర చేస్తారు కదా, అక్కడ తెల్లవార్లూ పాడేవాళ్లు. హార్మోనియం మా పక్క వాడకట్టు కాకది. ఊరంతా ఆయన్ని పెట్టె కాక అనేది. 1991లో జాతర రాత్రి మైకులో ఎవరో "పెట్టె ఫలానా ఆయన బృందం" అని పిలిచారు. మా నాయిన పాట నడుమలో డోలక్ దించి, గుట్ట దిగి, ఇంటికి నడిచి వచ్చేశాడు. అంతే. పేరు కోసం. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకాయన పందిరికి ఈ మూల, ఇంకొకాయన ఆ మూల. డోలక్‌ను అమ్మ అటక మీద పెట్టింది. చిన్నప్పుడు దాని మీద చెయ్యి వేస్తే నాకు దెబ్బలు పడేవి.

ఆయన టీవీ ముందు నిలబడి పాట చూశాడు. అయిదుగురు మగవాళ్లు, వయసు మళ్లుతున్నవాళ్లు. ఎగరరు, దుంకరు, మంటలు లేవు, పొగ లేదు. కుదురుగా కూర్చుని వాయిస్తారు. నాయినకు ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. డోలు మీద చూపు పెట్టి తొడ మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. కాసేపటికి "ఎవలు గీళ్లు?" అన్నాడు. నేను సారు చెప్పిందంతా చెప్పాను.

"ఎన్నేండ్లకు కలిసిండ్రు?"

"పద్నాలుగు."

ఆయన మనసులో లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. పైకి ఏమీ అనలేదు. తర్వాత టీవీ వైపు గడ్డం చూపించి, "కలిసిండ్రు గని కలువలే. గా మొదలు వాయించినోడు ఆ ఇంకొకాయన దిక్కు సూస్తనే లేడు" అన్నాడు. మొదలు వాయించినవాడు డాన్ ఫెల్డర్. ఆ ఇంకొకాయన గ్లెన్ ఫ్రై. నేను నవ్వాను. కెమెరా ఎటు తిప్పితే అటే కనపడుతుంది నాయినా, వాళ్లేం చూసుకుంటున్నారో మనకెట్లా తెలుస్తుంది అన్నాను.

రెండేళ్ల తర్వాత హైదరాబాదులో, ఒక నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు కట్టి చదివాను. 1980లో లాంగ్ బీచ్‌లో వాళ్ల చివరి కచేరీ రాత్రి స్టేజీ మీద పాటకు పాటకు నడుమ "ఇంకా మూడు పాటలున్నయి, అయిపోనీ నీ సంగతి చెబుతా" అన్న తీరులో ఒకరినొకరు బెదిరించుకున్న ఇద్దరు ఎవరనుకున్నారు? ఫ్రై, ఫెల్డరే. 2001లో ఫెల్డర్‌ను బృందంలో నుంచి తీసేశారు. ఆయన కోర్టుకెక్కాడు. నేను చదివిన తర్వాత, 2007లో రాజీ పడ్డారు. మా నాయిన మెట్ల మీద నుంచి లేచి వచ్చి అయిదు నిమిషాలు చూసి పట్టుకున్న సంగతి అది. కాకతాళీయం కావచ్చు. నేను కాదనుకుంటున్నాను.

ఆ వానాకాలంలో పెట్టె కాక వాళ్లమ్మ చనిపోయింది. ముసలామె, నిండు వయసు. మా వైపు చావు ఇంటి దగ్గర రాత్రంతా భజన ఉంటుంది. పాత బృందంలో మిగిలినవాళ్లు కూర్చున్నారు. డోలక్ ఎవరో పిల్లవాడు పట్టుకున్నాడు, తాళం తప్పుతూనే ఉన్నాడు. నాయిన ఇంట్లో మంచం మీద పడుకుని వింటున్నాడు. మూడో పాటలో పిల్లవాడు మళ్లీ తప్పాడు. నాయిన లేచి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. అమ్మ ఏమీ అడగలేదు, లాంతరు పట్టుకుంది, ఎందుకంటే కరెంటు లేదు. నేను డోలక్ మోసుకుంటూ వెనక నడిచాను. ఆయన పోయి పిల్లవాడి పక్కన కూర్చున్నాడు. పెట్టె కాక తల ఎత్తలేదు. శ్రుతి మాత్రం ఒక మెట్టు కిందికి దించాడు. మా నాయిన డోలక్ ఎప్పుడూ ఆ శ్రుతికే బిగించి ఉండేదట, అది నాకు తర్వాత అమ్మ చెప్పింది. తెల్లవారే దాకా వాయించారు. ఒక్క మాట లేదు. పొద్దున్నే శవం లేస్తుంటే నాయిన డోలక్ సంకన పెట్టుకుని వచ్చేశాడు.

అక్కడితో కథ బాగుపడిందని చెప్పాలని నాకూ ఉంది. మరుసటి ఏడు చెరువుగట్టు జాతరకు మళ్లీ కలిసి ఎక్కారు, మళ్లీ మైకులో పేరు దగ్గరే చెడింది. ఈసారి గుట్ట దిగి వచ్చింది పెట్టె కాక.

డిస్కు దగ్గరికి వస్తే, మా డిస్కు మీద ఒక గీత ఉండేది. ఏడు నిమిషాల పాటలో అయిదో నిమిషం దాటాక అక్కడక్కడా ఆగి, గడులు గడులుగా విరిగిపోయేది. చాచా ఎప్పుడూ దానికి ముందే ఆపేసేవాడు. పేరుకు 'మిగిలింది ఇంటికి పోయి వినుండ్రి' అనేవాడు. అంటే నేను రెండేళ్లలో కొన్ని వందల సార్లు ఆ పాట విన్నాను, ఒక్కసారి కూడా చివరి దాకా వినలేదు. డిప్లొమా కోసం హైదరాబాదు పోయాక, కోఠి గుజరాతీ గల్లీలో ఐసీలు కొనడానికి వెళ్లి, పక్క దుకాణంలో అసలు డిస్కు చూసి కొన్నాను. హాస్టల్లో ఒకడి కంప్యూటర్లో, రూపాయి అంత స్పీకర్లలో విన్నాను. బేస్ లేదు, గ్లాసు లేదు. అయిదో నిమిషం దాటింది. పాడటం ఆగిపోయి, ఫెల్డర్, జో వాల్ష్ రెండు గిటార్లు అందుకున్నారు. ఒకటి అంటే రెండోది అందుకుంటుంది, తర్వాత రెండూ జతగా మెట్లు దిగుతాయి. చాచా రెండేళ్లు దాచిపెట్టింది ఇదన్నమాట అనుకున్నాను.

ఆ గిటారు ముక్క గురించి ఫెల్డర్ చెప్పుకున్న సంగతి ఒకటి నాకు భలే ఇష్టం. వరస ఆయనదే. మాలిబులో సముద్రం ఒడ్డున అద్దె ఇంట్లో కట్టి, క్యాసెట్‌లో ఎక్కించి హెన్లీకి, ఫ్రైకి ఇచ్చాడు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దు పేరు 'మెక్సికన్ రెగే'. తర్వాత మయామీలో రికార్డింగ్ మొదలైతే, ఫెల్డర్ చివరి ముక్కను కొత్తగా వాయించబోయాడు. హెన్లీ ఒప్పుకోలేదు, క్యాసెట్‌లో ఎట్లా ఉందో అట్లాగే కావాలన్నాడు. ఏడాది కిందటిది, ఈయనకు గుర్తు లేదు. ఇంటికి ఫోన్ చేసి, పనిచేసే ఆమెతో ఆ క్యాసెట్ వెతికించి, టేప్ రికార్డరు దగ్గర ఫోన్ పట్టించి, ఈ చివర విని నేర్చుకున్నాడట, తన వరసనే తాను. నల్లగొండలో మేమూ ఇదే చేసేవాళ్లం. ఆంప్లిఫయరు మంచిగైందా అని ఫోన్ చేస్తే, చాచా రిసీవరు స్పీకరుకు ఆనించి "వినుండ్రి" అనేవాడు.

ఇప్పుడు ఆ పాటను ఎవరైనా ఫోన్లోనే చూస్తున్నారు. చెవిలో పెట్టుకునే ముక్కలు వచ్చాయి, వెనక చప్పట్లు లేవు. అంతకన్నా పెద్ద కచేరీ సినిమాలు ఎన్నో చూశాను. లక్షల మంది జనం, ఆకాశంలో కెమెరాలు, అడుగడుక్కి బాణసంచా. ఒకసారి చూసి పక్కన పెట్టాను. ఇది మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు పెడతాను. దాంట్లో నాకు కనిపించేది ఒకటే. వాళ్లు ఒకరి పొడ ఒకరికి గిట్టని మనుషులు. అది దాచుకోవడం కూడా సరిగా రాలేదు. అయినా ఒకడి గిటారు ఆగే చోట ఇంకొకడి డోలు సరిగ్గా పడుతుంది. మా పెట్టె కాక దించిన ఆ ఒక్క మెట్టు శ్రుతి లాంటిది. ఎవరూ చెప్పకుండా దిగింది.

2016 సంక్రాంతికి వచ్చి నేనింకా ఊర్లోనే ఉన్నాను. జనవరి 18న గ్లెన్ ఫ్రై చనిపోయాడని ఫోన్లో చదివాను. అరవై ఏడేళ్లు. నాయిన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. "నీ హోటలోళ్లల్ల ఒకాయన పోయిండు" అన్నాను. ఎవరని అడిగితే, నువ్వన్న ఇంకొకాయన అన్నాను. నాయిన లేచి కూర్చుని, "మరి ఈ మొదలు వాయించినోడు ఏమన్నడు?" అన్నాడు.

అది రెండు రోజులకు దొరికింది. ఎప్పుడో ఒకనాడు ఇద్దరం కలిసి కూర్చుని తిని, పాత సంగతులు మాట్లాడుకుని, చెయ్యి కలిపి అంతా మరిచిపోతామనుకున్నాను అన్నాడు ఫెల్డర్. చదివి వినిపించాను. నాయిన చాలాసేపు గుట్ట దిక్కు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి వినపడేలా అమ్మను అడిగాడు.

"వానింట్ల గా పెట్టె ఇంక ఉన్నదా?"

"ఉన్నది. కోడలు దాని మీద టీవీ పెట్టింది."

"దాని మీద టీవీ పెడతరా? లోపల ఎలకలు తోలు కొరుకుతయి. చెప్పు వానికి."

"నువ్వే పోయి చెప్పు" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.